సంకల్పంలో లేని పేరు

మహర్నవమి నాడు మా గుడి ముందు తెల్లవారుజామున నాలుగింటికే బండ్లు బారులు తీరతాయి. ట్రాక్టర్లు, ఆటోలు, కోత మిషన్లు, పాలవాళ్ల మోపెడ్లు, హైదరాబాదు నుంచి పండక్కి వచ్చినవాళ్ల కొత్త కార్లు. ఒక్కో బండికి నాకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. పసుపు తడిపి బానెట్ మీద రాస్తాను, కుంకుమ బొట్లు పెడతాను, స్వామి పాదాల దగ్గర ఉంచిన దారం స్టీరింగుకు కడతాను, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టిస్తాను. సంకల్పం చెప్పేటప్పుడు యజమాని పేరు, నక్షత్రం, గోత్రం అడుగుతాను. ఇంట్లోవాళ్ల పేర్లూ అడుగుతాను. గోత్రం తెలియదంటే కాశ్యప గోత్రం అని చెప్పి పూర్తిచేస్తాను. అందరి పేర్లూ అయ్యాక బండికి క్షేమం కోరతాను. ఆ బండిని చేసినవాళ్ల పేరు మాత్రం ఏ సంకల్పంలోనూ రాదు. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా, అది వెలితి అని నాకు ఎన్నడూ తోచలేదు.

మొన్నటి మహర్నవమికి అందరివీ అయ్యాక వరుస చివర మా సొంత బండికి బొట్టు పెడుతున్నాను. 1984 నాటి అంబాసిడర్, మార్క్ 4. కొత్త కారుకు పూజ చేయించుకున్న కుర్రాడొకడు కొబ్బరి చిప్ప చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. "స్వామీ, ఈ కంపెనీ మూతపడి పదేళ్లు దాటింది గదా. చేసినవాడే లేకపోయాక ఈ బండికి ఇంకా పూజేంటి?" అన్నాడు. ఎగతాళికి అడగలేదు. వాళ్ల తాతకు ఈ బండే ఉండేదట, అమ్మేసిన రోజున ఆయన అన్నం తినలేదట. ఆ బాధ మనవడి గొంతులోనూ ఉంది. హారతి ఇచ్చి, చక్రపొంగలి చేతిలో పెట్టి పంపించాను. జవాబు మాత్రం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న నాకు కొత్తదేమీ కాదు. పదేళ్లుగా నన్ను నేను అడుగుతున్నదే.

ఈ బండి మా మేనమామది. తెనాలి స్టేషన్ దగ్గర ట్యాక్సీ నడిపేవాడు. నాకు వేదపాఠం మా నాన్న దగ్గర అయితే, ఒక వస్తువును ఎలా చూసుకోవాలో నేర్పింది మామయ్య. ముందు సీటు ఒకటే పొడుగు బల్లలాగా ఉండేది. గేరు స్టీరింగు పక్కనే చేతికి అందేది కాబట్టి ముందు కూడా ముగ్గురు కూర్చునేవాళ్లు, మధ్యలో నేను. లైట్లు దించడానికి ఎడమ కాలి కింద నేల మీద ఒక మీట. ఎదురుగా బండి వచ్చినప్పుడు మామయ్య కాలు దాన్ని టక్కున నొక్కేది, నాకది మద్దెల దరువులా వినిపించేది. పెళ్లివారు ఎక్కితే పిల్లలతో కలిపి పదిమంది. కొల్లూరు లంకల వైపు మట్టి బాటల్లో ఆ బండి పడవలా ఊగుతూ పోయేదే తప్ప ఎక్కడా మొరాయించేది కాదు. ట్రిప్పు ముగిశాక తడిగుడ్డ పెట్టి తుడిచి, బానెట్ ముట్టుకుని చెయ్యి కళ్లకద్దుకునేవాడు. నేను ఒకసారి తలుపు ధడాలున వేస్తే చెవి మెలిపెట్టి, "తలుపును కొట్టకూడదురా అల్లుడూ, అప్పజెప్పాలి" అన్నాడు. అప్పజెప్పడమంటే ఏమిటో చేసి చూపించాడు. తలుపును మూడు వంతులు దగ్గరికి తెచ్చి, అరచేత్తో చివరి నెట్టు నెట్టి వదిలితే లోపల గడియ తనంతట తనే అందుకుంటుంది.

ఆయనకు ఆ కంపెనీ అంటే దేవుడి తరవాత దేవుడు. ఎవరెవరో చెప్పగా విన్న సంగతులు మాకు కథల్లా చెప్పేవాడు. బిర్లాలు 1942లో గుజరాత్‌లో ఓఖా రేవు దగ్గర హిందుస్థాన్ మోటార్స్ పెట్టడం, స్వాతంత్ర్యం వచ్చాక కలకత్తా దగ్గర ఉత్తరపారాకు మారడం, ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ ఊరి పక్కన తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాను తెచ్చుకుని 1950ల చివర్లో అంబాసిడర్ అని పేరు పెట్టుకోవడం. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లట జనం. కలెక్టరుగారు దిగినా అందులోంచే, ముఖ్యమంత్రి దిగినా అందులోంచే, మా ఊరి పెళ్లికూతురు దిగినా అందులోంచే. ఆ మాట చెప్పేటప్పుడు మామయ్య మొహంలో వెలుగు చూడాలి.

అందుకే ఆ కంపెనీ మీద నాకు కోపం. ఇది దాచుకునే కోపం కాదు. నాలాంటివాళ్లు చాలామందిమి ఉన్నాం. గుంటూరు, విజయవాడ, ఏలూరు నుంచి పాత అంబాసిడర్లు ఉన్నవాళ్లం అప్పుడప్పుడు ఆటోనగర్‌లో మా మెకానిక్ సాయిబుగారి షెడ్డు దగ్గర కలుస్తాం. టీ తాగేలోపే మాట అక్కడికే వెళుతుంది. అక్కడికి వచ్చేవాళ్లలో రెండు వర్గాలు. ఆ రూపాన్ని ముట్టుకోవడమే పాపమనేది ఒక వర్గం. 1992 తరవాత ఇసుజు ఇంజిన్ పెట్టినప్పుడే, గేరు చేతి దగ్గర నుంచి కిందికి దింపినప్పుడే అంబాసిడర్ పోయిందంటారు వాళ్లు. రెండో వర్గం, డెబ్బైల్లోనే దాన్ని ఆపేసి కొత్త కారు చేసి ఉంటే కంపెనీ ఈరోజుకూ బతికి ఉండేదంటుంది. ఇరుపక్షాల గొంతులూ లేస్తాయి. ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. ఒక ఇనప వస్తువు కోసం డెబ్బై ఏళ్ల మనిషి అలా ఏడవడం తగునా అని చూసేవాళ్లకు అనిపించవచ్చు. నాకు మాత్రం రామదాసు గుర్తొచ్చాడు. గోల్కొండ చెరలో కూర్చుని ఆయన రాముణ్ణి నగల లెక్క చెప్పి మరీ నిలదీశాడు. తన చేతులతో ఏమీ పెట్టనివాడికి ఆ నిలదీసే హక్కు ఉండదు. ప్రేమించి, పెట్టి, మోసినవాడి నోటనే ఆ నింద కీర్తన అయింది. ఈ పెద్దమనుషుల తిట్లలోనూ నాకు వినిపించేది అదే.

కానీ ఇరుపక్షాల వాదనల్లోనూ ఒక లోపం ఉంది. అది నాకు తెలిసింది కార్ల వల్ల కాదు, గుడి వల్ల.

మాది వైఖానసం. మా ఆగమంలో గర్భగుడిలో కదలకుండా ఉండే మూర్తిని ధ్రువబేరం అంటాం. ఆ మూర్తిని పీఠానికి అంటిపెట్టి ఉంచేది అష్టబంధనం. లక్క, గుగ్గిలం, తేనెమైనం, వెన్న వంటి ఎనిమిది ద్రవ్యాలను కలిపి, రోకళ్లతో దంచి దంచి ముద్ద చేసి, మూర్తికీ పీఠానికీ మధ్య సందుల్లో కూరుస్తారు. అది రాయిలా గట్టిపడుతుంది. అయినా శాశ్వతం కాదు. రోజూ పడే అభిషేక జలానికి ఏళ్లు గడిచేకొద్దీ బీటలిస్తుంది. అందుకే పన్నెండేళ్లకోసారి దాన్ని తీసి కొత్తది వెయ్యాలి. తిరుమలలో అయినా అంతే. 2006లో చేశారు, మళ్లీ 2018 ఆగస్టులో చేశారు. మా చిన్న గుడిలో 2009లో చేశాం.

ఆ రోజులు నేను మరిచిపోలేను. ముందు మూర్తిలోని శక్తిని కుంభంలోని నీటిలోకి ఆవాహన చేస్తాం. ఆ కుంభాన్ని బాలాలయమనే తాత్కాలిక మందిరంలో పెట్టి పూజలన్నీ అక్కడే జరిపిస్తాం. అప్పుడు గర్భగుడిలో ఉన్నది రాయి. శాస్త్రం అలాగే చెబుతుంది. రోజూ మూడుపూటలా నేను తాకి, స్నానం చేయించి, నైవేద్యం పెట్టిన మూర్తి దగ్గరికి శిల్పి ఉలీ సుత్తీ పట్టుకుని వెళ్లాడు. పీఠం చుట్టూ పాత బంధనాన్ని చెక్కాడు. నల్లగా, పెళుసుగా, ముక్కలు ముక్కలుగా రాలింది. నా చేతులు వణికాయి. మా నాన్న అప్పటికి మంచం పట్టారు, కుర్చీలో మోసుకొచ్చాం. ఆయన ఆ ముక్కల్లో ఒకటి తీసుకుని చూసి, "చూశావా, ఇన్నాళ్లు ఈయన దీని మీద నిలబడ్డాడు. మనం చూడలేదు గనక గట్టిగా ఉందనుకున్నాం" అన్నారు.

యాదగిరిగుట్టలో అంతటి నరసింహస్వామి కూడా 2016 నుంచి 2022 మార్చి దాకా బాలాలయంలో ఉన్నాడు. ఆరేళ్లు. భక్తులు అక్కడే మొక్కుకున్నారు, అక్కడే కల్యాణాలు చేయించుకున్నారు. గుడి పెరిగింది, రాతి గోపురాలు లేచాయి, కొండగుహలో స్వయంభువు మాత్రం అక్కడే ఉన్నాడు. సంప్రదాయం అంటే మార్చకపోవడం అని బయటివాళ్లు అనుకుంటారు. లోపల ఉన్న మాకు తెలుసు, ఎప్పుడు మార్చాలో, ఏది మార్చాలో, మార్చేటప్పుడు ప్రాణాన్ని ఎక్కడ దాచాలో తెలియడమే ఆగమంలో సగం.

ఇప్పుడు అంబాసిడర్ వైపు చూస్తే నా మనసుకు తోచేది ఇది. ఆ బండికీ ఒక ధ్రువబేరం ఉంది. ఎత్తుగా కూర్చునే సీటు. పంచె కట్టినవాడూ చీర కట్టిన ముసలమ్మా వంగకుండా ఎక్కగలిగే తలుపు. గోతుల్ని మింగేసే కమాన్ పట్టీలు. ఏ ఊళ్లో ఆగినా, నాలుగు స్పానర్లున్న ఏ మేస్త్రీ అయినా విప్పి బిగించగలిగే సూటితనం. అవి మార్చరానివి. ఆ రూపాన్ని ముట్టుకోవద్దన్న వర్గం చెప్పేదాంట్లో నిజం ఇంతవరకు ఉంది. మరి బ్రేకులో? తుప్పుకు తట్టుకునే రేకో? వాన నీళ్లు ఆపే రబ్బరో? ఇంజినో? అవి అష్టబంధనం. కాలం నీళ్లలా వాటి మీద పడుతూనే ఉంటుంది.

కంపెనీ చేసింది ఏమిటి? మార్క్ 2 వచ్చింది, మార్క్ 3 వచ్చింది, 1979లో మార్క్ 4 వచ్చింది. ముందున్న గ్రిల్లు మారింది, దీపాలు మారాయి, డ్యాష్‌బోర్డు మారింది. కింద 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ అదే, మూలం అదే. డీజిల్ ఇంజిన్ పెట్టడం మంచి పనే, ట్యాక్సీవాళ్లు దానివల్లే బతికారు. అయినా మొత్తం మీద చూస్తే అది ఉత్సవమూర్తికి పండగకో చీర, వారానికో పూలంగి వేసినట్టు. అలంకారాన్ని జీర్ణోద్ధరణ అనుకున్నారు. ఆ బండి బతికిన యాభై ఆరు యాభై ఏడేళ్లలో పన్నెండేళ్ల కాలం నాలుగు సార్లు తిరిగింది. ప్రతిసారీ గ్రిల్లుకు కొత్త నగ పెట్టారు. పీఠం కింద చెయ్యి పెట్టి చూసింది తక్కువ.

న్యాయంగా మాట్లాడాలంటే ఇంకో సంగతి కూడా చెప్పాలి. తప్పంతా వాళ్లదే కాదు. ఏ కంపెనీ ఎన్ని బండ్లు చెయ్యాలో ఢిల్లీ చెప్పిన కాలం అది. ఎంతకు అమ్మాలో కూడా కొన్నేళ్లు ఢిల్లీయే చెప్పింది. బయటి నుంచి ఒక మిషను తేవాలన్నా అనుమతి. అంతమంది వరుసలో నిలబడి ఉంటే, కొత్తదేదో చెయ్యాలన్న ఆకలి ఎవరికి పుడుతుంది? వేరే గుడి లేని ఊళ్లో అర్చకుడు కూడా సోమరి అవుతాడు. నా వృత్తిలో ఆ ప్రమాదాన్ని దగ్గరగా చూశాను కాబట్టి అంటున్నాను. జనం ఎలాగూ వస్తారన్న ధైర్యం మంత్రాన్ని పెదవుల దాకా తెచ్చి వదిలేస్తుంది, గుండెలోకి దిగనివ్వదు. మొక్కేవాళ్ల సంఖ్య చూసి లోపల దేవుడు గట్టిగా ఉన్నాడనుకోవడం మా నాన్న చెప్పిన ఆ నల్లటి ముక్క లాంటిదే.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళాలు ఇచ్చింది. ఎనభైల్లో ఏడాదికి ఇరవైనాలుగు వేల దాకా అమ్ముడుపోయిన అంబాసిడర్, 2013-14 నాటికి రెండు వేల చిల్లరకు దిగింది. ప్లాంటు పక్కన ఖాళీగా ఉన్న భూమిలో మూడు వందల ఎకరాలకు పైగా ఇళ్లు కట్టడానికి అమ్మింది కంపెనీ. ఆ వార్త చదివినప్పుడు దేవుడి మాన్యం అమ్మిన ఊళ్లన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. 2013లో బీబీసీ వాళ్ల టాప్ గేర్ కార్యక్రమం ప్రపంచంలోకెల్లా మేలైన ట్యాక్సీ అని అంబాసిడర్‌కు దండ వేసింది. మరుసటి ఏడు 2014 మే 24న ఉత్తరపారా ప్లాంటులో పని ఆగిపోయింది. ఉత్పాదకత లేదు, క్రమశిక్షణ లేదు, డబ్బు లేదు, కొనేవాళ్లు లేరు అని నోటీసులో రాశారు. రెండున్నర వేల మంది పైగా కార్మికులు ఆ నోటీసును గేటు బయట నిలబడి చదువుకున్నారు.

2017లో అంబాసిడర్ అన్న పేరును ఫ్రాన్స్‌కు చెందిన పెజో కంపెనీకి ఎనభై కోట్లకు అమ్మారు. ఆ వార్త విని మామయ్య బతికి లేనందుకు నాకు ఊరట కలిగింది. దేవుడి కంటే ఆయన నామం గొప్పదని మేం రోజూ చెప్పేమాట. అంబాసిడర్ నామం అమ్ముడుపోయింది, ఆ పేరుతో మళ్లీ కారు మాత్రం రోడ్డెక్కలేదు. నామం గొప్పదవడానికి దాన్ని పలికే నాలుక కావాలి. పత్రాల్లో ఉన్న నామం ఏమిటి? బ్యాంకు లాకర్లో పెట్టిన తులసిమాల.

రాజు మిళిందుడికీ భిక్షువు నాగసేనుడికీ జరిగిన సంవాదం బౌద్ధుల గ్రంథంలో ఉంది. నువ్వు రథం ఎక్కి వచ్చావు కదా, అందులో రథం ఏది? ఇరుసా? చక్రమా? నొగలా? ఒక్కటీ కాదు, అన్నీ కలిస్తే పెట్టుకున్న పేరు రథం అని తేల్చాడు నాగసేనుడు. మా ధాన్యకటకం అమరావతి బౌద్ధానికి పెట్టింది పేరు, కాబట్టి ఆ వాదన మాకు పరాయిది కాదు. సాయిబుగారి షెడ్డులో నాకది కళ్లెదుట కనిపించింది. మా బండికి అసలు ఇంజిన్ లేదు. పెట్రోలు ఖర్చు భరించలేక 1989లో మామయ్య దాన్ని తీసేసి మెటాడోర్ డీజిల్ ఇంజిన్ దించాడు. కింద నేల రేకు రెండుసార్లు మార్చారు. సీట్లు మూడోసారి కుట్టించాం. వెనక డిక్కీ తలుపు వేరే బండిది. ఒకసారి పూర్తిగా టింకరింగు చేయిద్దామని విప్పితే, ఇంజిన్ గోనెపట్టా మీద, తలుపులు గోడకు ఆనించి, చక్రాలు లేని తొట్టి ఇటుకల మీద. సాయంత్రం దీపాల వేళ అటు చూసి, ఇప్పుడు మామయ్య బండి ఎక్కడుంది అనుకున్నాను.

నాగసేనుడు ఎక్కడా లేదనేవాడు. నేను వైఖానసుణ్ణి, అలా అనలేను. మా లెక్కలో విడదీసినంత మాత్రాన పోదు, కుంభంలోకి వెళుతుంది. ఆ సాయంత్రం సాయిబుగారు అరవై పైబడిన చేతులతో నేల మీద బోల్టులన్నీ వరసగా పేర్చి, ఏది ఎక్కడిదో ఒక్కటి కూడా రాసుకోకుండా గుర్తు పెట్టుకుంటున్నారు. నాకు కుంభం అక్కడే కనిపించింది. వస్తువు ప్రాణం దాని రేకులోనూ లేదు, పేరులోనూ లేదు. దాని గురించి తెలిసి, దాన్ని పట్టించుకునే చేతుల్లో ఉంది. ఈ బండిలో ముప్పాతిక మార్చినా మామయ్య బండిగానే ఉండడానికి కారణం అదే. ఆ కంపెనీలో రూపం దాదాపు ఏమీ మారకపోయినా ప్రాణం పోవడానికి కారణమూ అదే. రెండు వర్గాల పెద్దమనుషులకు ఈ మాట చెప్పాను. ఒకాయన ఒప్పుకున్నాడు. ఇంకొకాయన, "మీకు దేవుడు దొరికాడు గనక సరిపోయింది, మాకు ఉన్నది కారొక్కటే" అన్నాడు. ఆ మాట నా మనసులో నుంచి ఇప్పటికీ పోలేదు.

మామయ్యకు పిల్లలు లేరు. 2015లో పోయాడు. 2017 సెప్టెంబరులో మహాలయ పక్షంలో గయ వెళ్లి ఆయనకు నేనే పిండం పెట్టాను. విష్ణుపాదం దగ్గర, ఫల్గు నదీ తీరంలో, అక్షయవటం కింద. ఎవరూ లేనివాళ్లకు పెట్టే ధర్మపిండాలు కూడా పెట్టించారు. ఆ పిండం చేతిలో ఉండగా మూతపడిన ఆ ఫ్యాక్టరీ నా మనసులో మెదిలింది. తప్పో ఒప్పో తెలియదు. వెంటనే హౌరా రైలెక్కాను.

హౌరా నుంచి లోకల్ రైల్లో అరగంట. ఉత్తరపారా దాటాక వచ్చే స్టేషను పేరు హింద్ మోటార్. ఫ్యాక్టరీ పేరే స్టేషనుకు పెట్టారు. బోర్డు పసుపు రంగు మీద నల్ల అక్షరాలతో చెక్కు చెదరకుండా ఉంది. ఆ రోజు సెప్టెంబరు 17, విశ్వకర్మ పూజ. బెంగాల్లో ప్రతి ఫ్యాక్టరీలో, ప్రతి షెడ్డులో, రిక్షా స్టాండులో కూడా విశ్వకర్మను నిలబెడతారు. ఏనుగు మీద కూర్చుని, చేతుల్లో పనిముట్లతో ఉంటాడు. ఆకాశం నిండా గాలిపటాలు. సైకిల్ షాపు ముందు పందిరి, వెల్డింగు షెడ్డు ముందు పందిరి, డప్పులు. ఫ్యాక్టరీ గేటు ముందు మాత్రం ఏమీ లేదు. తాళం, గోడ, గోడ మీదికి పాకిన తీగలు. యాభై ఏళ్లకు పైగా అంతమంది చేతులు పనిముట్లకు మొక్కిన చోట ఆ రోజు ఒక్క అగరుబత్తి కూడా వెలగలేదు. చాలాసేపు నిలబడ్డాను.

తిరిగి ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చుంటే పక్కన ఒక పెద్దాయన. ఆకుదొన్నెలో ఏదో పందిరి ప్రసాదం తింటున్నారు. నా నామం చూసి ఎక్కడి నుంచి వచ్చారని హిందీలో అడిగారు. నా వచ్చీరాని హిందీలో చెప్పాను, మా మామయ్య బండి సంగతి కూడా. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు ఆ గేటు లోపలే పనిచేశారట, తలుపులు బిగించే దగ్గర. దొన్నె పక్కన పెట్టి, ఇంజిన్ గురించి అడగలేదు, మైలేజీ అడగలేదు. "తలుపు ఎలా పడుతోంది?" అన్నారు. అని, ఎదురుగా గాలిలో ఒక తలుపును ఎడమ చేత్తో పట్టుకుని, దగ్గరికి తెచ్చి, కుడి అరచేత్తో చివరి నెట్టు నెట్టి వదిలారు. మా మామయ్య చేసినట్టే. ఒక్క రవ్వ తేడా లేదు. ఆయన తెనాలి ఎరగరు, మామయ్య ఉత్తరపారా ఎరగడు.

బాగానే పడుతోందని చెప్పాను. అప్పటికి అది అబద్ధం. కుడివైపు వెనక తలుపు ఏడాదిగా సరిగ్గా పడటం లేదు. రైలు వచ్చింది, ఎక్కేశాను.

ఇంటికొచ్చాక బండి తీసుకెళ్లి సాయిబుగారికి ఈ సంగతంతా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆ తలుపు విప్పి, కీలు మేకులు తీసి చూశారు. అరిగాయి. బజారులో దొరికేవి సరైన కొలతవి కావు. లేత్ దగ్గరికి వెళ్లి కొత్తవి తిప్పించారు. బిగించారు, మళ్లీ విప్పారు, పలుచటి వాషరొకటి పెట్టారు, మళ్లీ బిగించారు. అసరు నమాజుకు వెళ్లొచ్చి మళ్లీ కూర్చున్నారు. చీకటి పడ్డాక, "వేసి చూడండి సామీ" అన్నారు. మూడు వంతులు దగ్గరికి తెచ్చి అరచేత్తో అప్పజెప్పాను. గడియ అందుకుంది. డబ్బిస్తే తీసుకోలేదు. "ఆ పెద్దాయనకి కబురు చెప్పండి" అన్నారు.

ఎలా చెప్పను? పొద్దున లేచింది మొదలు ఎదురొచ్చిన ప్రతి మనిషినీ పేరేమిటి, గోత్రమేమిటి అని అడిగే నేను, ఆయన పేరు అడగలేదు.

కుర్రాడు ప్రశ్న అడిగిన రోజున ఈ కథంతా చెప్పి ఉండాల్సింది. హారతి ఆరిపోతోంది, చెప్పలేదు. ఇప్పుడు ఏ బండికి సంకల్పం చెప్పినా, యజమాని పేరు అయ్యాక, బండి పేరుకు ముందు, ఒక్క క్షణం ఆగుతున్నాను. ఎదుటివాళ్లు నేను మంత్రం మరిచిపోయాననుకుంటారు. గోత్రం నా దగ్గర సిద్ధంగానే ఉంది, కాశ్యప గోత్రం. దాని తరవాత రావలసిన పేరు దగ్గర నోరు ఆగిపోతుంది. కొబ్బరికాయ చేతికందిస్తారు. తీసుకుని కొడతాను.